డేటా ఎంట్రీ గుమాస్తా పని – జీతము, ముందుగతి

షోలాపురము, భివండీ, సేలము మొదలగు తావులలో స్థిరపడిన మన నేతకుటుంబముల పిల్లలు పండ్రెండవ తరగతి ముగియగానే కంప్యూటరు శిక్షణలో చేరుట నేడు సామాన్యమైనది. "డేటా ఎంట్రీ నేర్పించినచో పిల్లవానికి ఒక దారి దొరకునా?" యని తల్లిదండ్రులు అడుగుచున్నారు. ఫీజు కట్టుటకు ముందే ఈ పని యొక్క స్థితిగతులు తెలిసియుండుట మేలని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

పని పుట్టుక

కాగితముపై నున్న వివరములను కంప్యూటరులోనికి ఎక్కించుటయే ఈ పని. ఇది మగ్గమునకు దూరపు చుట్టము. 1804 ప్రాంతమున ఫ్రాన్సు దేశస్థుడు జకార్డు రంధ్రముల అట్టలతో మగ్గమును నడిపెను. రంధ్రమున్న చోట పోగు లేచును, లేని చోట లేవదు. రంధ్రముల అట్టలతోనే లెక్కలు కూర్చు యంత్రమును హొలెరిత్ నిర్మింపగా, 1890లో అమెరికా జనాభా లెక్కలకు దానిని వాడిరి. ఆ అట్టలకు రంధ్రములు కొట్టినవారే నేటి డేటా ఎంట్రీ గుమాస్తాలకు పూర్వులు.

ఎలక్ట్రానిక్ జకార్డు వచ్చిన చోట డిజైను నేరుగా కంప్యూటరు నుండి మగ్గమునకు పోవుచున్నది. అట్టలు కొట్టువారికి పని తగ్గినది. గుమాస్తా బల్ల వద్దను ఇదే మార్పు జరుగుచున్నది.

పని ఏల తగ్గుచున్నది?

మొదటి కారణము: వివరము పుట్టిన చోటనే కంప్యూటరులో చేరుచున్నది. జి.ఎస్.టి.లో ఇ-ఇన్వాయిస్ పద్ధతి 2020 అక్టోబరులో పెద్ద సంస్థలతో మొదలై, 2023 ఆగస్టు నుండి 5 కోట్లు మించిన వ్యాపారము గలవారికి వర్తించినది. అమ్మినవాడు ఒకసారి నమోదు చేసిన బిల్లు అతని రిటర్నులోను, కొన్నవాని లెక్కలోను తానై కనిపించును. రెండవది: దరఖాస్తులను ప్రజలే ఫోనులో నింపుచున్నారు. మూడవది: అచ్చు కాగితమును యంత్రమే చదువుచున్నది. త్వరగా తగ్గిపోవు ఉద్యోగముల జాబితాలో ప్రపంచ ఆర్థిక వేదిక 2023లోను, 2025లోను డేటా ఎంట్రీ గుమాస్తాలను చేర్చినది.

జీతము సంగతి

కేంద్ర ప్రభుత్వ కొలువులకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారు పండ్రెండవ తరగతి స్థాయి పరీక్ష జరుపుదురు. 7వ వేతన సంఘము స్కేళ్ల ప్రకారము డేటా ఎంట్రీ ఆపరేటరుకు మూలవేతనము 25,500 రూపాయలు, కొన్ని పదవులకు 29,200. లోయరు డివిజను గుమాస్తాకు 19,900. కరువు భత్యము మొదలగునవి అదనము. గంటకు 8,000 మీటలు నొక్కగల వేగము కావలెను. కొన్ని శాఖలలో 15,000. వయస్సు 18 నుండి 27. కేంద్ర జాబితాలోని వెనుకబడిన తరగతులవారికి 3 సంవత్సరముల సడలింపు కలదు. 2023 నుండి ఈ పరీక్షను తెలుగు, మరాఠీ, తమిళము, కన్నడము, ఒడియా భాషలలోను వ్రాయవచ్చును. అయితే పరీక్షకు కూర్చుండువారు లక్షలమంది యని మరువరాదు.

ప్రైవేటు పనిలో అంత నిలకడ లేదు. కేంద్ర పరిధిలోని సంస్థలలో గుమాస్తా పనికి నైపుణ్యపు పనితో సమానముగా కనీస వేతనము కట్టుదురు. 2024 అక్టోబరు 1 నాటికి పెద్ద నగరములలో అది రోజుకు 954 రూపాయలు. రాష్ట్రముల రేట్లు వేరు. అనేక చోట్ల నెలజీతము లేక, నేతలో గజమునకింత యన్నట్లు కాగితమునకింత యని కూలి యిత్తురు. కొద్ది నెలలలో ఎవరైనను నేర్వగల పనికి కూలి పెరుగుట అరుదు.

ఏది నిలుచును?

యంత్రము చదివినదానిని సరిచూచు పని మిగులును. ఇందులో మన పిల్లలకు ఒక బలమున్నది. ఇంట తెలుగు, బడిలో మరాఠీయో, తమిళమో, కన్నడమో, ఒడియాయో నేర్చినవారు వీరు. తమిళ లిపిలో ప, బ లకు అక్షరమొకటే. బాలయ్యను పాలయ్య యని చదువవచ్చును. ఆధారులో ఒక పేరు, బ్యాంకు పుస్తకములో వేరొక పేరు పడినచో నేతగాని పింఛను ఆగును. అట్టి తప్పు రెండు లిపులు తెలిసినవాని కంటనే పడును. దీనికి తోడు ట్యాలీ, జి.ఎస్.టి. రిటర్నులు, సరుకు లెక్కలు తెలిసినచో అతడు దుకాణమునకు లెక్కలు వ్రాయువాడగును. ఎక్కువ జీతము అడుగుటకు అప్పుడే వీలు.

ఒక హెచ్చరిక

"ఇంటనుండి డేటా ఎంట్రీ, ముందుగా డిపాజిట్ కట్టుడు" అను ప్రకటనలను నమ్మవలదు. సొమ్ము తీసికొని, పని పూర్తియైన పిమ్మట తప్పులున్నవని కూలి ఎగవేసి, ఒప్పందము మీరితివని నోటీసులతో బెదరించు మోసగాండ్రు కలరు. పని యిచ్చువాడు పనివాని వద్ద సొమ్ము అడుగడు. మోసపోయినవారు జాప్యము చేయక 1930 నంబరుకు ఫోను చేయవలెను.

శిక్షణకు ఫీజు కట్టుటకు ముందు మూడు ప్రశ్నలు అడుగుడు. లెక్కల పని నేర్పుదురా? రెండు లిపులలో టైపు నేర్పుదురా? ఇంతకుముందు నేర్చినవారు ఎక్కడ, ఏ జీతమునకు పనిచేయుచున్నారు? మూడింటికిని సరియైన జవాబు వచ్చిన చోటనే పిల్లలను చేర్పింపుడు. టైపు వేగము తొలిమెట్టు మాత్రమే. ఆ మెట్టుమీదనే నిలిచిపోవు చదువునకు అప్పు చేయవలదని మా సలహా.