కోడ్ దాచే ముందు మ్యాపింగ్ ఫైల్ దాచుకోండి

తెనాలిలో కూర్చుని దుగ్గిరాల పసుపు యార్డు కమీషన్ కొట్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసి అమ్ముతున్నారనుకుందాం. ఎవరైనా కోడ్ కొట్టేస్తారన్న భయం న్యాయమైనదే. డాట్‌నెట్ ప్రోగ్రామ్‌ని ఐఎల్‌స్పై అనే డీకంపైలర్‌లో తెరిస్తే, ఫంక్షన్ల పేర్లతో సహా దాదాపు మీరు రాసినట్టే కనిపిస్తుంది.

ఆబ్‌ఫస్కేషన్ టూల్ ఆ పేర్లను ఎ, బి, సి చేస్తుంది. కొన్ని టూల్స్ లాజిక్‌ను కూడా మెలికలు తిప్పుతాయి. చదివేవాడికి ఆలస్యమవుతుంది, అంతే. పట్టుబట్టి కూర్చున్నవాణ్ణి ఆపలేం. ప్రోగ్రామ్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎత్తుకెళ్తే ఈ టూల్ అసలు అడ్డే కాదు. దానికి లైసెన్స్ చెక్ వేరే ఉండాలి.

దొంగ సంగతి అలా ఉంచండి, మన బిల్డ్ మనమే పాడుచేసుకోవడం ఎక్కువ. ఆండ్రాయిడ్‌లో ఇలా పేర్లు మార్చే ఆర్8 టూల్ ఆన్ చేశారనుకోండి. డీబగ్‌లో అంతా బాగుంది. రిలీజ్ వెర్షన్‌లో మాత్రం బస్తాల సంఖ్య సున్నా! జీసాన్ లైబ్రరీ సర్వర్ పంపిన డేటాను ఫీల్డ్ పేరు చూసి నింపుతుంది. ఆర్8 ఆ పేరు మార్చేసింది కాబట్టి దొరకలేదు. క్రాష్ లేదు, ఎర్రర్ లేదు. తప్పు బిల్లు మాత్రం వెళ్లిపోయింది. డేటా క్లాసుల ఫీల్డ్స్‌కి సీరియలైజ్డ్‌నేమ్ యానోటేషన్ పెట్టండి, లేదా ఆ పేర్లు మార్చొద్దని ఆర్8కి చెప్పే కీప్ రూల్ రాయండి. టెస్టింగ్ కూడా కస్టమర్‌కి ఇచ్చే రిలీజ్ బిల్డ్ మీదే చేయండి.

రెండో జాగ్రత్త మ్యాపింగ్ ఫైల్. క్రాష్ రిపోర్ట్‌లో ఎ, బి అని వచ్చిన పేర్లను అసలు పేర్లతో కలిపేది అదే. ప్లే స్టోర్‌కి యాప్ బండిల్‌గా పంపితే మామూలుగా అదీ వెంట వెళ్తుంది. వాట్సాప్‌లో ఏపీకే పంపేవాళ్లకు ఆ సౌకర్యం లేదు. మళ్లీ బిల్డ్ చేస్తే పాతదాని మీద కొత్తది పడుతుంది. అందుకే ప్రతి రిలీజ్‌కీ వెర్షన్ నంబర్‌తో విడిగా దాయండి. లేకపోతే సీజన్ మధ్యలో కొట్టు యజమాని ఫోన్ చేసినప్పుడు ఏ లైన్‌లో క్రాష్ అయిందో మీకే తెలియదు.

పేమెంట్ గేట్‌వే సీక్రెట్ కీని యాప్‌లో పెట్టి, ఆర్8 కాపాడుతుందని నమ్మకండి. అది స్ట్రింగ్స్‌ని ఎన్‌క్రిప్ట్ చేయదు. కీ సర్వర్‌లోనే ఉండాలి. కమీషన్ లెక్కలో మీకు మాత్రమే తెలిసిన కిటుకు ఉంటే, దాన్నీ సర్వర్‌కే తరలించండి.

విండోస్‌లో ఇంకో చిక్కు: బాగా మెలిపెట్టిన ప్రోగ్రామ్‌ని యాంటీవైరస్ అనుమానించవచ్చు. ముందు మీ సిస్టమ్‌లో కాకుండా వేరే సిస్టమ్‌లో ఇన్‌స్టాల్ చేసి చూడండి. చివరగా, కస్టమర్‌కి సోర్స్ కోడ్ కూడా ఇస్తామని ఒప్పుకుంటే అసలు కోడే ఇవ్వాలి. ఎ, బి పేర్ల కాపీ ఇస్తే మీకు రావాల్సిన ఆఖరి వాయిదా ఆగిపోతుంది.