సీసపు అక్షరం నుంచి సెల్‌ఫోను అక్షరం దాకా

మానవుడు కొత్త యంత్రాన్ని కనిపెట్టిన ప్రతిసారీ లోకంలో రెండు మాటలు వినబడతాయి. "ఇక కష్టాలన్నీ తీరినట్లే" అనేది ఒకటి. "ఇక మన బతుకులు బుగ్గి" అనేది రెండోది. రెండూ తొందరపాటు మాటలే. యంత్రం వచ్చిన చోట పని చేతులు మారుతుంది. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారింది, అందులో లాభపడిందెవరు, నష్టపోయిందెవరు అని అడిగి తెలుసుకోవడం విద్యార్థి బాధ్యత. ఈ ప్రశ్న వేసుకోవడానికి దూరం పోనక్కరలేదు. మీరిప్పుడు చదువుతున్న ఈ తెలుగు అక్షరాన్నే తీసుకుందాం.

అచ్చుకూటంలో

తెలుగు అచ్చు పుస్తకాల చరిత్ర జర్మనీలోని హాలె పట్టణంలో మొదలవుతుంది. బెంజమిన్ షుల్జ్ అనే మత ప్రచారకుడు 1746-47 ప్రాంతంలో అక్కడ తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. ఆ తరువాత రెండు శతాబ్దాలకు పైగా తెలుగు అచ్చుకు ఆధారం కంపోజిటరు చెయ్యే. చిన్న ఊళ్ళ ప్రెస్సుల్లో 1980ల దాకా ఇదే పద్ధతి నడిచింది.

సీసం, తగరం, ఆంటిమొనీ కలిపి పోత పోసిన టైపులు గళ్ళ పెట్టెల్లో ఉండేవి. ఆ పెట్టెను కేసు అనేవారు. కంపోజిటరు దాని ముందు నిలబడి, ఒక్కొక్క టైపునే ఏరి చేతిలోని స్టిక్కులో పేర్చేవాడు. టైపు మీద అక్షరం అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది గనుక తిరగేసి చదవడం రావాలి. ఇంగ్లీషుకైతే చిన్నబడి, పెద్దబడి కలిపి 52 అక్షరాలతో సరి. తెలుగుకు గుణింతాలు, ఒత్తులు కలిసి వందల టైపులు కావాలి. ఏ గడిలో ఏముందో చూడకుండానే చెయ్యి అక్కడికి పోవడానికి ఏళ్ళు పట్టేది. అచ్చు అయ్యాక ఆ టైపులన్నీ మళ్ళీ ఏ గడివి ఆ గడిలో వేయాలి. రోజంతా సీసం ముట్టుకుంటూ పనిచేయడం ఆరోగ్యానికి చెరుపు. కాబట్టి ఆ రోజులే బంగారం అనడానికి వీల్లేదు.

నేను చదువుకునే రోజుల్లో కాలేజీ సంచిక ప్రూఫుల కోసం మా ఊరి ప్రెస్సుకు వెళ్ళేవాణ్ణి. ఒకసారి నా వ్యాసం కంపోజు చేస్తున్న పెద్దాయన పని ఆపి, "బాబూ, విద్యార్థికి ఒత్తు 'ధ' కాదండీ, మామూలు 'ద'నే. మీరు నాలుగు చోట్లా తప్పే రాశారు, నేను దిద్దేశాను" అన్నాడు. ఆయన చదివింది ఐదో తరగతి. నేను బి.ఏ. రెండో సంవత్సరం. సిగ్గుపడ్డాను గాని, ఆ తప్పు మళ్ళీ చేయలేదు.

కంప్యూటరు వచ్చాక

1984లో మెకింతోష్ కంప్యూటరు, 1985లో దానికి లేజర్ ప్రింటరు, పేజ్‌మేకర్ వచ్చాయి. మన దేశంలో 1988లో పుణేలో సి-డాక్ ఏర్పడి, భారతీయ లిపుల మీద పని సాగించింది. 1990లలో ఊరూరా డి.టి.పి. సెంటర్లు వెలిశాయి. పది రోజుల పని ఒక్క రోజులో అయింది. తప్పు దిద్దడానికి పేజీ అంతా ఊడదీయనక్కరలేదు. కేసుల ముందు నేనెన్నడూ ఆడవాళ్ళను చూడలేదు. డి.టి.పి. కీబోర్డుల ముందు మాత్రం ఆడపిల్లలు బోలెడుమంది కనిపించారు. ఇది చిన్న మార్పేం కాదు.

మరి కంపోజిటర్లు? చిన్నవాళ్ళు కొందరు కీబోర్డు నేర్చుకున్నారు. యాభై దాటినవాళ్ళకు అది చేతకాలేదు. ముప్ఫై ఏళ్ళు చేతివేళ్ళలో కూడబెట్టుకున్న విద్యకు విలువ లేకుండా పోయింది. టైపులను తూకానికి అమ్మేశారు. మా ఊరి పెద్దాయన కొన్నాళ్ళు పెళ్ళి కార్డులకు కవర్లు అతికించి, ఆ తరువాత ఇంట్లో కూర్చున్నాడు. తగ్గిన ఖర్చు వల్ల ప్రెస్సు యజమాని, పుస్తకం కొన్నవాడు, రాసినవాడు అందరూ బాగుపడ్డాం. ఆ లాభంలో ఆయన వాటా ఏమిటని మాలో ఒక్కరమూ అడగలేదు.

అక్షరం అంకెగా మారింది

ఇక్కడ కొంచెం శాస్త్రం తెలుసుకోవాలి. కంప్యూటరుకు అక్షరం తెలియదు, అంకె తెలుసు. పాత డి.టి.పి. ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల అంకెలకే తెలుగు ముక్కల బొమ్మలు తొడిగాయి. తలకట్టు ఒకటి, కొమ్ము ఒకటి, ఒత్తు ఒకటి. ఆ ఫాంటు ఉన్నంతసేపు కంటికి తెలుగే. ఫాంటు లేని కంప్యూటరులో అదే ఫైలు తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు.

1991లో వెలువడిన యూనికోడ్ ఈ చిక్కును విడదీసింది. ప్రపంచ లిపులకు వేరువేరు అంకెలిచ్చి, తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. ఉదాహరణకు 'స్త్రీ' మన కంటికి ఒకే అక్షరం. యూనికోడ్‌లో అది ఆరు అంకెలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. వాటిని కలిపి ఒక్క రూపంగా చూపడం యంత్రం పని. అంటే పూర్వం కంపోజిటరు చేసిన కూర్పే ఇది. అది అనుకున్నంత సులువు కాదనడానికి 2018 ఫిబ్రవరి సాక్ష్యం. 'జ్ఞా' అనే తెలుగు కూర్పు ఒక ప్రత్యేక రూపంలో కనబడితే ఐఫోన్లలోని యాప్‌లు ఆగిపోయాయి. కంపెనీ ఆ నెలలోనే సవరణ పంపవలసి వచ్చింది.

బడిలో, ఇంట్లో

ఈ తేడా బడిలో ఎవరికి తగులుతుందో చూడండి. చూపు లేని విద్యార్థి స్క్రీన్ రీడర్ సాయంతో పాఠం వింటాడు. యూనికోడ్‌లో ఉన్న పాఠాన్ని అది చక్కగా చదివి వినిపించగలదు. పాత ఫాంటులో కొట్టిన నోట్సు దానికి వట్టి గందరగోళం. పక్క బెంచీవాడికి సులువుగా అందిన పాఠం, కేవలం మనం ఎంచుకున్న ఫాంటు కారణంగా అతనికి అందకుండా పోతుంది. 2020లో బడులు మూతపడ్డప్పుడు తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా పాఠాలు చెప్పారు. పాఠం బయలుదేరితే చాలదు, ప్రతి ఇంటికీ చేరాలి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను తండ్రి పనికి పట్టుకుపోతే పిల్ల చదువు ఏమవుతుందో ఆ రోజుల్లో మనమంతా చూశాం.

ఇంటి సంగతి వేరు. చదువురాని తల్లి పూర్వం కొడుక్కి ఉత్తరం రాయించాలంటే ఎవరి కాళ్ళో పట్టుకోవాలి. ఆమె మనసులోని మాట ముందు పక్కింటివాడికి తెలిసేది. జవాబు వస్తే చదివి వినిపించడానికి మళ్ళీ ఇంకొకరు. టెలిగ్రాం వచ్చిందంటే చాలు, విప్పకముందే ఏడుపులు. ఆ టెలిగ్రాం సేవ కూడా 2013 జులైలో ముగిసింది. ఇప్పుడు ఆ తల్లే ఫోను నోటి దగ్గర పెట్టుకొని తన గొంతుతో మాట పంపుతోంది. మధ్యవర్తి లేడు. దీన్ని మించిన స్వేచ్ఛ ఏముంది?

చదువుకున్న మనమేమో తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతున్నాం. "తెలుగులో కొట్టడం కష్టం గదా!" అంటారు. 2017 నుంచి ఫోనుకు తెలుగులో చెబితే అదే రాసిపెడుతోంది. కాబట్టి కష్టమనే సాకు నిలవదు.

మనం చేయవలసింది

ఒకటి, కాలేజీలో తయారయ్యే తెలుగు నోట్సు, ప్రశ్నపత్రం, ప్రకటన అన్నీ యూనికోడ్‌లోనే ఉండాలని విద్యార్థి సంఘం పట్టుబట్టాలి. రెండు, కంపోజిటరూ ప్రూఫ్‌రీడరూ చేసిన పని ఇప్పుడు రాసేవాడి నెత్తిన పడిందని గుర్తించాలి. పంపేముందు ఒకసారి తిరిగి చదువుకుంటే పోయేదేమీ లేదు. మూడు, ముందుముందు యంత్రం మన ఉద్యోగాల దగ్గరకీ వస్తుంది. అప్పుడు పాతవాళ్ళకు కొత్త పని నేర్పడం కూడా యంత్రం ఖర్చులో భాగమేనని గట్టిగా అడగగలగాలి. కంపోజిటర్ల తరఫున అడగలేకపోయిన తరం మాది. మీరైనా అడగండి.

ఈ వ్యాసాన్ని ఫోనులోనే కొట్టాను. 'విద్యార్థి' అనే మాట వచ్చిన ప్రతిచోటా ఒక్క క్షణం ఆగి సరిచూసుకున్నాను. నాకు ఆ అలవాటు చేసిన పెద్దాయన ఇప్పుడు లేడు.