మేడమీది పసుపు గులాబి

గులాబి అను మాట పారసీకము నుండి మనకు వచ్చినది. 'గుల్' అనగా పువ్వు, 'ఆబ్' అనగా నీరు. పసుపు గులాబికి ఆ దేశముతో మాటను మించిన సంబంధము కలదు. ఇరాను నుండి ఐరోపాకు చేరిన 'పర్షియన్ ఎల్లో' గులాబితో సంకరము చేసి, ఫ్రాన్సునందలి లియోన్ నగరమున పెర్నె-డ్యూషే 1900లో 'సొలేయ్ దోర్' అను రకమును వెలువరించెను. నేటి పసుపు గులాబీలలో అధికభాగము దాని సంతతియే. అయితే రంగుతోపాటు నల్లమచ్చ తెగులునకు లొంగు గుణము కూడ ఆ వంశమున దిగినది.

చోటు తక్కువైన పట్టణపు ఇండ్లకు 1977లో కాలిఫోర్నియాకు చెందిన రాల్ఫ్ మూర్ అందించిన 'రైజ్ ఎన్ షైన్' వంటి పొట్టి రకములు అనుకూలము. పది అంగుళముల కుండీ చాలును. అడుగు రంధ్రముపై పెంకుముక్క నుంచి, ఎర్రమట్టి, బాగుగా చివికిన పశువుల ఎరువు, కొంత ఇసుక కలిపి నింపవలెను. రోజునకు ఆరు గంటల యెండ తగలనిచో పూవులపై ఆశ వదలుకొనుటయే మేలు.

మనలో పలువురు ఎరువు చాలలేదని బెంగపడుదురు. మేము నీటిని గూర్చియే హెచ్చరింపదలచితిమి. ఆకు ఏడు గంటలు ఎడతెగక తడిసియున్నచో నల్లమచ్చ శిలీంధ్రపు బీజములు మొలకెత్తగలవు. సాయంకాలము ఆకులపై చల్లిన నీరు ఒక్కొక్కప్పుడు తెల్లవారువరకు ఆరదు. కనుక ఉదయముననే, మొదట మాత్రమే పోయవలెను. కుండీలు ఒకదానికొకటి తాకరాదు, గాలి ఆడవలెను. వానకాలమున హైదరాబాదు ఆకాశము మన మాట వినదు గదా! అప్పుడు మచ్చపడిన ఆకులను, రాలినవానితో సహా, ప్రతిదినము ఏరి పారవేయవలెను, ఎరువుగుంటలో వేయరాదు. వర్షములు వెనుకపట్టిన పిదప, అక్టోబరులో, ఎండుకొమ్మలను తీసివేసి తక్కినవానిని మూడవవంతు కత్తిరించినచో చలికాలమున మొగ్గ తొడుగును.