సైకోసిస్ ముప్పు: ఒకదాన్నొకటి రేపే లక్షణాలు

లేని మాటలు వినిపిస్తూ, ఆధారం లేని అనుమానాలే నిజమనిపిస్తూ, వాస్తవ స్పృహ సడలే మానసిక స్థితిని సైకోసిస్ అంటారు. డచ్ శాస్త్రవేత్త డెన్నీ బోర్స్‌బూమ్ రూపొందించిన జాల సిద్ధాంతం ప్రకారం, మానసిక లక్షణాలు ఒకే రోగానికి విడివిడి గుర్తులు కావు, అవి ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. ముప్పు దశలో ఉన్న హాస్టల్ విద్యార్థికి నిద్ర కరవైతే ఆందోళన పెరిగి, పక్క మంచాలపై గుసగుసలు తన గురించేనన్న అనుమానం పుట్టి, అది అతణ్ని ఒంటరిని చేసి, మిగిలిన నిద్రనూ హరించవచ్చు. కనుక నిద్రను సరిచేయడం చిన్న పని కాదు. ముప్పున్న వారందరికీ సైకోసిస్ రాదన్నది ముఖ్యాంశం. 2022 అక్టోబర్ 10న ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ ఉచిత సహాయ సంఖ్య 14416. ఈ లక్షణాలు కనిపిస్తే విద్యార్థులు సంకోచించక ఫోన్ చేయాలి.