పొద్దున ఇంగ్లండ్, మధ్యాహ్నం ఫ్రాన్స్: సైకిల్ ఎక్కేముందు చూసుకోవాల్సినవి

ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నేను పాస్ చేసిన చెక్కులకు లెక్కలేదు. తేదీ, అంకెలు, అక్షరాలు, సంతకం అన్న వరసలో చూడటం కళ్లకు అలవాటైపోయింది. వచ్చే నెల తేదీ వేసిన చెక్కును ముందే తెచ్చిన ఖాతాదారులను ఎంతమందిని కౌంటరు దగ్గర నుంచి వెనక్కి పంపానో! అలాంటి నన్ను 2025 మే 26న ఇంగ్లండ్‌లోని డోవర్ రేవులో ఒక ఫ్రెంచి అధికారి సరిగ్గా అదే కారణంతో వెనక్కి పంపాడు. నా వీసా మీద "ఈ తేదీ నుంచి" అని ఉన్నచోట మే 27 ఉంది. నేను వెళ్లింది ఒకరోజు ముందు.

మన సహోద్యోగుల్లో చాలామంది పిల్లలు ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఉంటున్నారు. రిటైరయ్యాక మనం వెళ్తాం, ఆరు నెలలు ఉంటాం, మనవళ్లను బడికి దింపుతాం. ఆ తీరికలో ఇలాంటి సరదాలు పుడతాయి. మళ్లీ ఎవరూ నాలా తలవంచుకుని తిరిగి రాకూడదని ఈ వివరాలు రాస్తున్నాను.

మా అమ్మాయి వాళ్లది కాంటర్‌బరీ. అక్కడినుంచి డోవర్‌కు రైలులో సుమారు అరగంట. డోవర్ నుంచి ఫ్రాన్స్‌లోని కలే పట్టణానికి ఓడలో గంటన్నర. సముద్రం ఇరుకైనచోట రెండు దేశాల మధ్య దూరం 33 కిలోమీటర్లే. ఆకాశం తేటగా ఉంటే అవతలి గట్టు కనిపిస్తుంది. పదకొండేళ్ల మా మనవడు ఒకసారి దాన్ని చూపించి, "తాతయ్యా, అక్కడికి సైకిల్ మీద వెళ్లి సాయంత్రానికి వచ్చేద్దామా?" అన్నాడు. 1980ల చివర్లో ప్రకాశం జిల్లా గ్రామీణ శాఖలో ఉన్నప్పుడు పంట రుణాల తనిఖీకి రోజుకు పాతిక కిలోమీటర్లు సైకిల్ తొక్కినవాణ్ణి. సరేనని మాటిచ్చాను.

ఇక్కడ మొదటి పాఠం. ఇంగ్లండ్ వీసా ఫ్రాన్స్‌కు పనికిరాదు. ఒక్క పూటకైనా సరే, భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు షెన్‌గెన్ వీసా కావాలి. ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేసుకుంటూ నివాస అనుమతి ఉన్నవాళ్లు అక్కడే దరఖాస్తు చేసుకోవచ్చు. అమ్మాయి, మనవడు అలాగే తీసుకున్నారు. మనలా చుట్టపుచూపుగా వెళ్లేవాళ్లు మాత్రం ఇండియాలో ఉండగానే ఆ పని పూర్తిచేసుకోవాలి. పెద్దలకు రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. నేను హైదరాబాదులో దరఖాస్తు ఇచ్చినప్పుడు ఫ్రాన్స్‌లో అడుగుపెట్టే తేదీ మే 27 అని రాశాను. అప్పటి ఆలోచన అది. తర్వాత ఇంగ్లండ్ వెళ్లాక, 26 సోమవారం అమ్మాయికి సెలవని ప్రయాణం ఒకరోజు ముందుకు జరిపాం. అన్నట్టు, అక్కడ సార్వత్రిక సెలవుదినాన్ని "బ్యాంక్ హాలిడే" అంటారు. బ్యాంకు సెలవునాడు బ్యాంకువాడు తేదీ దగ్గర దొరికిపోయాడని మా అల్లుడు ఇప్పటికీ అంటుంటాడు.

ఇంకో సంగతి. ఫ్రెంచి తనిఖీ జరిగేది ఫ్రాన్స్‌లో కాదు, డోవర్‌లోనే, ఓడ ఎక్కకముందే. తిరుగు ప్రయాణంలో ఇంగ్లండ్ అధికారులు కలేలో చూస్తారు. 2003లో రెండు దేశాలూ చేసుకున్న ఒప్పందం వల్ల వచ్చిన ఏర్పాటిది. దానివల్ల నాకు ఒక మేలు జరిగింది. సముద్రం దాటాక కాకుండా దాటకముందే ఆగిపోయాను. మనవడు ఏమీ అనలేదు. రైల్లో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది.

బడి జూన్ 2న తెరుస్తారు. అమ్మాయికి మళ్లీ సెలవు దొరకలేదు. కొంత రుసుము కట్టి టికెట్లు మే 29కి మార్చి, ఈసారి నేనూ మనవడూ మాత్రమే వెళ్దామన్నాను. ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. అరవై నాలుగేళ్ల మనిషి, పదకొండేళ్ల పిల్లాడు, భాష రాని దేశం. చివరకు అమ్మాయి ఒక షరతు పెట్టింది. "నాన్నా, ప్లాన్ అంతా కాగితం మీద రాసి నాకివ్వండి. చదివాక చెప్తాను."

ఆ రాత్రి బ్రాంచి తనిఖీకి సిద్ధమైనట్టు కూర్చున్నాను. ముందు పాస్‌పోర్టులు, వీసాలు ముందుపెట్టుకుని ప్రతి తేదీనీ వేలు పెట్టి చదివాను. నా ఇంగ్లండ్ వీసాతో ఎన్నిసార్లైనా వచ్చిపోవచ్చా అన్నది చూశాను. ఒక్కసారికే ఇచ్చిన వీసా అయితే కలే నుంచి తిరిగిరావడం కుదరదు. మనవడి నివాస అనుమతి ఆన్‌లైన్‌లో ఇప్పటి పాస్‌పోర్టుకే ముడిపడి ఉందో లేదో చూశాం. తల్లిదండ్రులు లేకుండా పిల్లాణ్ణి తీసుకెళ్తున్నాను కాబట్టి, మా సమ్మతితోనే తాతగారితో వెళ్తున్నాడని అమ్మాయీ అల్లుడూ ఇద్దరూ సంతకం చేసిన ఉత్తరం, దాని కింద ఫోన్ నంబర్లు. ఈ ఉత్తరం చాలామంది మరచిపోతారు.

తర్వాత సమయాల లెక్క. నా దృష్టిలో ఈ ప్రయాణానికంతటికీ ఆయువుపట్టు ఇదే. ఫ్రాన్స్ గడియారం ఇంగ్లండ్ కంటే గంట ముందుంటుంది. టికెట్ మీద ఏ రేవు నుంచి బయలుదేరితే ఆ రేవు సమయమే వేస్తారు. మా ఓడ డోవర్‌లో 8.25కి. గంటన్నర ప్రయాణం కాబట్టి 9.55కి దిగుతామని మనవడు లెక్కేశాడు. కాదు, కలేలో అప్పటికి 10.55. తిరుగు ఓడ కలేలో 6 గంటలకు. గంటన్నర ముందే రమ్మని టికెట్ మీద ఉంది కనుక, 4.30కల్లా రేవులో ఉండాలి. దిగి బయటపడేసరికి 11.15 అనుకుంటే మన చేతిలో ఉన్నది ఐదుంబావు గంటలే. "ఒకరోజు" అని పేరేగానీ రోజులో నికరంగా మిగిలేది అంతే.

మొదట నేను గ్రీ-నే అనే కొండకొమ్ము దాకా వెళ్దామనుకున్నాను. ఫ్రాన్స్‌లో ఇంగ్లండ్‌కు అతి దగ్గరగా ఉన్న చోటు అదే. కానీ రానుపోను అరవై కిలోమీటర్లు దాటుతుంది. దాన్ని కొట్టేసి, దానికంటే ముందే వచ్చే బ్లాంక్-నే అనే తెల్ల సుద్దకొండ చాలనుకున్నాం. ఎత్తు సుమారు 134 మీటర్లు. పైన మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ జలసంధిని కాపాడిన నావికుల స్మారకస్తంభం ఉంది. రేవు నుంచి రానుపోను ముప్పై కిలోమీటర్ల లోపే. గంటకు పన్నెండు కిలోమీటర్ల చొప్పున లెక్క వేశాను. మనవడు ఇరవై వేయమన్నాడు. రుణం మంజూరు చేసేటప్పుడు రైతు చెప్పిన దిగుబడి వేయం కదా, సగటు దిగుబడే వేస్తాం.

గాలి సంగతి కూడా రాసుకున్నాను. ఆ తీరంలో గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. కలే నుంచి కొండవైపు వెళ్లే దారీ దాదాపు నైరుతికే. అంటే వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనుకగాలి. అలసిపోయాక గాలి వెనకనుంచి తోయడం అదృష్టమే.

కాగితం చివర ఒక గీత గీసి ఇలా రాశాను: ఎక్కడున్నా సరే, ఫ్రాన్స్ సమయం 2.15కి వెనుదిరగాలి. తిరుగుదారికి గంట పది నిమిషాలు, మిగిలిన గంటా ఐదు నిమిషాలు రిజర్వు. అమ్మాయి రెండుసార్లు చదివింది. "ఆ గీత దాటనని మాటివ్వండి" అంది. ఇచ్చాను.

సరంజామా కొంచెమే. ఒక్కో సైకిల్‌కు ఒక విడి ట్యూబు, టైరు ఊడదీసే ప్లాస్టిక్ మీటలు, గాలిపంపు, పంచరు అతుకులు. మనవడికి హెల్మెట్. ఫ్రాన్స్‌లో పన్నెండేళ్లలోపు పిల్లలకు అది చట్టప్రకారం తప్పనిసరి. ఇద్దరి సైకిళ్లకూ గంట, ముందూ వెనకా లైట్లు. అక్కడ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తొక్కితే 135 యూరోల జరిమానా. తిండి విషయంలో మా ఆవిడ పెరుగన్నం కలిపి డబ్బాలో పెట్టేసింది. దాన్ని తీయించాల్సి వచ్చింది. ఇంగ్లండ్ ఐరోపా సమాఖ్య నుంచి విడిపోయాక అక్కడినుంచి పాలపదార్థాలు, మాంసం ఫ్రాన్స్‌లోకి తీసుకెళ్లకూడదు. 2025 ఏప్రిల్ నుంచి గాళ్లవ్యాధి భయంతో అటునుంచి ఇటు తేవడాన్నీ ఆపేశారు. కాబట్టి పులిహోర. డబ్బుకు మన బ్యాంకు ట్రావెల్ కార్డు. దుకాణంలో మిషన్ మీద యూరోల్లోనా, మీ కరెన్సీలోనా అని అడిగితే యూరోలే నొక్కండి. రెండోది నొక్కితే మారకపు రేటు వాళ్ల ఇష్టం.

29 తెల్లవారుజామున తొలి రైళ్లలో ఒకటి పట్టుకున్నాం. రేవులో సైకిళ్లు కాలినడక ప్రయాణికులతో కాదు, కార్లు, లారీల వరసల్లోనే వెళ్తాయి. ఫ్రెంచి అధికారి నా వీసా వైపు చూసినంతసేపూ నేను ఊపిరి తీసుకున్నట్టు గుర్తులేదు. ముద్ర పడింది. మరో మాట: 2025 అక్టోబర్ 12 నుంచి ముద్రల బదులు వేలిముద్రలు, ఫోటో తీసుకునే కొత్త పద్ధతి మొదలుపెట్టారు. ఇక వెళ్లేవాళ్లు ఆ కాస్త సమయమూ కలుపుకోండి. ఓడ కిందిభాగంలో సైకిళ్లను గోడపక్క కమ్మీకి తాడుతో కట్టేయాలి. ఓడ కదిలాక కిందికి పోనివ్వరు, అందుకని పులిహోర డబ్బా, కాగితాలు పైకి తీసుకెళ్లాలి.

కలేలో దిగగానే అసలు భయం ఎడమ, కుడి. ఇంగ్లండ్‌లోనూ మనలాగే ఎడమవైపు నడుపుతారు. ఫ్రాన్స్‌లో కుడివైపు. అందుకని ఇద్దరం కుడిచేతికి ఎర్రదారం కట్టుకున్నాం. దారం ఉన్న వైపే మన వైపు. చౌరస్తాల్లో ఎడమనుంచి వచ్చే వాహనాలను చూడటం మెడకు అలవాటు కావాలి, రౌండబౌటులోనూ మనకు తెలిసిన దిశకు రివర్సులో తిరగాలి. మొదటి రెండు చోట్ల దిగి నడిపించుకుపోయాం. నామోషీ ఏమీ లేదు.

మున్సిపల్ భవనం ముందు రోడాన్ శిల్పం "కలే పౌరులు" దగ్గర కాసేపు ఆగాం. 1347లో పదకొండు నెలల ముట్టడి తర్వాత, ఊరిని కాపాడటానికి ఆరుగురు పెద్దలు మెడకు ఉరితాళ్లు వేసుకుని, కోట తాళంచెవులతో ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్ ముందుకు నడిచారట. రాణి ఫిలిప్పా వేడుకోవడంతో ప్రాణాలు దక్కాయి. వీరుల్లా కాకుండా, భయపడుతూనే నడుస్తున్న మామూలు మనుషుల్లా చెక్కాడు రోడాన్. మనవడు ఆ తాళంచెవిని పట్టి పట్టి చూశాడు.

అక్కడినుంచి సముద్రం పక్కనే దారి. బ్లేరియో-ప్లాజ్ అనే చోట ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పాను. 1909 జూలై 25న లూయీ బ్లేరియో ఈ దగ్గరనుంచే విమానంలో లేచి ముప్పై ఏడు నిమిషాల్లో డోవర్ చేరాడు. సంగత్ ఊళ్లో బల్లమీద కూర్చుని పులిహోర తిన్నాం. ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య రైలు సొరంగం ఈ ఊరి దగ్గరే గట్టు కిందికి వస్తుంది.

ఎదురుగాలి నేననుకున్నదానికంటే గట్టిగా ఉంది. కొండ వాలు మొదలయ్యేసరికి 2.10. పైన స్తంభం స్పష్టంగా కనిపిస్తోంది.

"తాతయ్యా, పావుగంటే! నడిపించుకుంటూ వెళ్దాం."

"టైమెంతయింది?"

"మనకి గంట పైనే రిజర్వు ఉంది కదా."

"అది పైకెక్కడానికి కాదురా నాన్నా."

సైకిల్ తిప్పేశాను. సోమవారం రైల్లో ఉన్న మౌనమే మళ్లీ. నాకూ పైకి వెళ్లాలనే ఉంది. ఇంకోసారి వచ్చే వయసూ నాకు లేదు, ఆ సంగతి వాడికి చెప్పలేదు.

సంగత్ దాటుతుండగా నా వెనక టైరు దిగిపోయింది. ట్యూబు మార్చాను. టైరు లోపల వేలితో తడిమి గాజుముక్క తీశాను గానీ, కంగారులో మీటతో కొత్త ట్యూబునే నొక్కి చిల్లు పెట్టాను. మళ్లీ విప్పి, పాత ట్యూబుకు అతుకు వేసి, మనవడు పంపు కొడుతుంటే నేను నీళ్లసీసాలో బుడగలు చూస్తూ కూర్చున్నాను. యాభై నిమిషాలు పోయాయి. వెనుకగాలి సాయం చేసింది. రేవు దగ్గర ఒక మలుపు తప్పాం. టికెట్ కౌంటరు చేరేసరికి 4.24. వాడు గడియారం చూసి, నావైపు చూసి, తన సీసాలో మిగిలిన నీళ్లు ఇచ్చాడు.

ఇంగ్లండ్ అధికారిణి పిల్లాణ్ణే అడిగింది, ఈయన నీకేమవుతారని. "మా తాతయ్య. నా దగ్గర ఉత్తరం ఉంది" అని వాడే తీసి ఇచ్చాడు.

6 గంటలకు బయలుదేరిన ఓడ డోవర్ చేరేసరికి అక్కడి గడియారంలో ఆరున్నర. అరగంటలో సముద్రం దాటేశామని వాడు తల్లికి ఫోన్ చేసి చెప్పాడు. ఇంట్లో పొద్దున తీసేసిన పెరుగన్నం ఫ్రిజ్‌లోనే ఉంది. చెరిసగం తిన్నాం.