నూలు, నూల్

కోయంబత్తూరు

చిరంజీవి మేనల్లుడికి అత్త ఆశీస్సులు.

మదురై నుంచి నీ ఉత్తరం అందింది. ఒత్తులు రెండు మూడు జారినా తెలుగులోనే రాశావు, చాలా సంతోషం. తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నా, నాకు రాయడం వచ్చింది పెళ్లయ్యాకే.

యోగసూత్రాల పుస్తకం కొన్నానన్నావు. మొత్తం 195 సూత్రాలు, రోజుకు పది చొప్పున ఇరవై రోజుల్లో కంఠతా పట్టేస్తానన్నావు. సూత్రమే సూటిగా ఉంటే మళ్లీ వ్యాఖ్యానం ఎందుకని అడిగావు. అక్కడే కాస్త ఆగు నాయనా.

సూత్రమంటే దారం. మనం నూలంటాం. నేను బడిలో ఇన్నేళ్లు చెప్పిన తమిళంలో ‘నూల్’ అంటే దారమూ అవుతుంది, గ్రంథమూ అవుతుంది. సూత్రాన్ని తమిళంలో ‘నూర్పా’ అంటారు. 13వ శతాబ్దంలో ‘నన్నూల్’ అనే వ్యాకరణం రాసిన పవణంది ముని గ్రంథరచనను నూలు వడకడంతో పోల్చాడు. మాటలు పత్తి, కవి వడికే ఇల్లాలు, అతని నోరు ఆమె చెయ్యి, బుద్ధి కదురు. తమిళంలో కూడా కదురును ‘కదిర్’ అనే అంటారు. ఆ పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు మీ తాత గుర్తొచ్చేవాడు.

మీ తాత ఇక్కడ మిల్లులో రింగ్ ఫ్రేమ్ దగ్గర పనిచేశాడు. పోగు తెగితే ముడి వెయ్యరు, తెలుసా? కండె ఆపి, కొస వెతికి పట్టుకుని, రోలర్ల నుంచి వస్తున్న దూదికి తాకిస్తారు. తిరుగుతున్న పురి ఆ రెండింటినీ తనలో కలిపేసుకుంటుంది. పురి తక్కువైతే దారం విడిపోతుంది, మరీ ఎక్కువైతే మెలికలు పడుతుంది. పండక్కి ఇంటికొచ్చినా దుప్పటి అంచులో పోగు లాగి, రెండు వేళ్ల మధ్య నలిపి పురి చూసేవాడు.

నీ పుస్తకంలో మొదటి మాటే చూడు, ‘అథ’. బ్రహ్మసూత్రాలూ ఆ మాటతోనే మొదలవుతాయి. యోగసూత్రాల్లో దానికి ‘ఇక్కడ మొదలు’ అనే అర్థమని వ్యాసభాష్యం చెబుతుంది. బ్రహ్మసూత్రాల్లో మాత్రం ‘ఆ తరువాత’ అన్నారు. దేని తరువాత? వివేకం, వైరాగ్యం వంటి సాధనలు కుదిరిన తరువాత అన్నారు శంకరులు. కర్మ గురించి విచారించిన తరువాత అన్నారు రామానుజులు. ఒక్క మాట దగ్గరే దారులు వేరయ్యాయి. నువ్వు రోజుకు పది దాటేస్తానంటున్నావు!

నువ్వున్న ఊరి కథే ఒకటుంది. పాండ్యదేశంలో పన్నెండేళ్లు కరువొచ్చి పండితులు చెదిరిపోయారట. వానలు పడ్డాక, కవిత్వంలో వస్తువు గురించి చెప్పే శాస్త్రం తెలిసినవాళ్లు ఒక్కరూ దొరకలేదు. అప్పుడు మదురై ఈశ్వరుడే 60 సూత్రాలు రాగిరేకుల మీద రాసి పీఠం కింద పెట్టాడట. ‘ఇఱైయనార్ అహప్పొరుళ్’ అంటే అదే. సూత్రాలు దొరికాయి, అర్థం మాత్రం తలా ఒక రకంగా చెప్పారు. ఎవరిది నిజమో తేల్చడానికి ఒక మూగ పిల్లవాణ్ని కూర్చోబెట్టి, ఒక్కొక్కరి వ్యాఖ్యానం వినిపించారు. నక్కీరర్ అనే పండితుడు తనది చదువుతుంటే మాటమాటకూ ఆ పిల్లవాడి కంట నీరు కారిందట. దేవుడు రాసినదానికి కూడా మనిషి గొంతు కావాల్సి వచ్చింది. నేను ఈ కథని నమ్ముతాను, చరిత్రగా కాదు, చదువు చెప్పినదానిగా.

బౌద్ధుల సుత్తాలు చాంతాడంత ఉన్నాయని విసుక్కున్నావు. మన వైయాకరణులు సూత్రంలో అరమాత్ర మిగిలినా సంబరపడితే, వాళ్లు చెప్పిందే మళ్లీ మళ్లీ చెబుతారు. అవి చెవికోసం పుట్టినవి, అందుకే ‘నేనిలా విన్నాను’ అంటూ మొదలవుతాయి. ఆ మాట అన్నది బుద్ధుడి శిష్యుడు ఆనందుడని సంప్రదాయం. ‘సుత్త’ అంటే సూక్తం, మంచిమాట, అని కొందరు పండితుల ఊహ. 5వ శతాబ్దపు బుద్ధఘోషుడు మాత్రం దారాన్నీ వదల్లేదు. వడ్రంగికి కొలత తాడెలాగో తెలివైనవాడికి సుత్తం అలాగన్నాడు, దారాన గుచ్చిన పూలు చెదరవన్నాడు. మన నాగార్జునకొండ శాసనాల్లో దీర్ఘ, మధ్యమ నికాయాలను వల్లించే భిక్షువుల ప్రస్తావన ఉంది. పుస్తకం కాదు, వాళ్లే గ్రంథాలయం.

ఇంకొకటి. తెలుగు బ్రాహ్మణుల్లో చాలామంది అనుసరించే ఆపస్తంబుడు పెళ్లి విధులు చెబుతూ, ఆచారాలను ఆడవాళ్లనడిగి తెలుసుకోమన్నాడు. అన్నీ సూత్రంలో పట్టవని సూత్రకారుడికే తెలుసు.

కాబట్టి వారానికి ఒక్కటి చాలు. గట్టిగా చదువు, భాష్యంతో కలిపి చదువు, తెలిసినవాళ్ల దగ్గర కూర్చో. మీనాక్షి గుడి ఎదురుగా తిరుమల నాయకుడు కట్టించిన పుదు మండపం చూశావుగా. కొన్నేళ్ల కిందటి వరకు ఆ శిల్పాల స్తంభాల మధ్యే దర్జీలు మిషన్లు కుట్టేవాళ్లు, పక్కనే పుస్తకాలు అమ్మేవాళ్లు. నా మొదటి నన్నూల్ అక్కడే కొన్నాను, అట్ట ఊడిపోయినా ఇంకా ఉంది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు మొదటి సూత్రం మీద నీకొచ్చిన అనుమానాలన్నీ రాసుకురా. మీ తాత కండె ఒకటి నా పెట్టెలో ఉంది, తీసి పెడతాను.

ప్రేమతో,
మీ అత్త