ఇంటి దుమ్ము – మన ఊపిరితిత్తులు

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతములు మెట్ట సీమలు. వేసవిలో గాలి లేచినచో చేనిలోని మన్ను ఇంటికి చేరును. దానితో కంది నూర్పిడి పొట్టు, చొప్పవామి నుసి, పాకలోని ఎండు పేడపొడి, పలకల పనికి పోయివచ్చువారి బట్టలనంటిన రాతిపొడి కలిసి ఇంటి దుమ్మగుచున్నది. దుమ్ములో పుట్టి పెరిగినవారికి దానివలన కీడేమని పలువురు తలంతురు. కాని దుమ్మంతయు ఒక్కటి కాదు. ఏ దుమ్ము ఏమి చేయునో రైతు సోదరులు తెలిసికొనవలెను.

శరీరములోని కాపలా

గాలిగొట్టములకు లోపలివైపు కణముల పొర యొకటి కలదు. ఈ కణములు ఒకదానినొకటి గట్టిగా అంటిపెట్టుకొని గోడవలె నిలిచియుండును. వీనిపై జిగట పొర ఉండును. నూగువంటి సన్నని కేశములు ఆ జిగటను, అందు చిక్కిన దుమ్మును గొంతువైపునకు నెట్టుచుండును. మిల్లీమీటరులో 100వ వంతుకంటె పెద్ద రేణువులు చాలవరకు ముక్కులోను, గొంతులోను ఆగిపోవును. 200వ వంతుకంటె చిన్నవి ఊపిరితిత్తుల చివరనున్న గాలితిత్తుల వరకు పోగలవు. అచట నూగు లేదు. రక్షక కణములే రేణువులను మ్రింగి అరిగించుకొనవలెను.

పలకరాతి పొడి

మార్కాపురము పలకలకు పేరుగాంచినది. పలకరాతిలో సిలికా కలదు. రాయి కోయునప్పుడు, అరగదీయునప్పుడు కంటికి కానరాని సిలికా రేణువులు లేచును. వీనిని మ్రింగిన రక్షక కణము అరిగించుకొనలేక పగిలిపోవును. దానిలోని పదార్థములు చుట్టు వాపు కలిగించును. బయటపడిన రేణువును మరియొక కణము మ్రింగి అదే గతి పొందును. ఇట్లు ఏండ్ల తరబడి జరిగి ఊపిరితిత్తులు మచ్చగట్టి బిరుసెక్కును. ఇదియే సిలికోసిస్. పని మానిన పిదప కూడ ఇది ముదురవచ్చును. మచ్చను పోగొట్టు మందు లేదు. క్షయ సోకుటకును ఇది దారితీయును. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమందే ఈ వ్యాధిని ప్రభుత్వమునకు తప్పక తెలియజేయవలసిన వ్యాధులలో చేర్చిరి.

పరుపులోని పురుగు, వామిలోని బూజు

పాత బొంతలలో, పరుపులలో కంటికానని దుమ్ముపురుగులు పెరుగును. వాని విసర్జనములోని ఒక పదార్థము గాలిగొట్టపు కణముల నడుమనున్న అతుకులను కోయును. ఆ సందున లోనికి పోయిన దానిని రక్షక కణములు శత్రువుగా నెంచి పోరుసల్పుటచే కొందరికి ఉబ్బసము వచ్చును. తడిసి బూజుపట్టిన మేత నుండి లేచు నుసిని మాటిమాటికి పీల్చిన రైతులకు జ్వరము, దగ్గు, ఆయాసము కలుగును. దీనినే రైతు ఊపిరితిత్తుల జబ్బందురు.

పశువుల దుమ్ము

అమెరికాలో ఆమిష్, హటరైట్ అను రెండు సేద్యపు తెగలవారు కలరు. వీరి పూర్వులు ఇంచుమించు ఒకే ప్రాంతమువారు. ఆమిష్ పిల్లలు ఇంటి చెంతనున్న పశువులతో పెరుగుదురు. హటరైట్ల పశుశాలలు ఇండ్లకు దూరముగా యంత్రములతో నడచును. ఆమిష్ పిల్లలలో ఉబ్బసము 5.2 శాతము, హటరైట్ పిల్లలలో 21.3 శాతము. 2016లో ప్రకటించిన పరిశోధనలో ఆమిష్ ఇండ్ల దుమ్మున బాక్టీరియా సంబంధమైన ఎండోటాక్సిన్ అను పదార్థము 6.8 రెట్లు అధికముగ కనబడినది. ఆ దుమ్ము ఎలుకలను ఉబ్బసము వంటి స్థితినుండి కాపాడినది. చిన్ననాటినుండి పశువుల చెంత పెరిగిన రక్షక కణములు అనవసరముగా కలహింపకుండ నేర్చుకొనునని దీనివలన తోచుచున్నది. కావున ఇంటిముందు ఆవు ఉన్నందుకు వెరవనక్కరలేదు. అట్లని పిల్లలను దుమ్ములో ఉంచుమని అర్థము కాదు. రాతిపొడికి, బూజుకు ఈ సూత్రము ఎంతమాత్రము వర్తింపదు.

చేయవలసిన పనులు

1. పలకల పనినుండి వచ్చినవారు ఇంట ప్రవేశింపక ముందే స్నానముచేసి బట్టలు మార్చవలెను. ఆ బట్టలను దులుపరాదు. విడిగా నీటిలో నానవేసి ఉతుకవలెను.

2. పనిచోట రాతిపై నీరు పడునట్లు చేసి కోయవలెను. తుండుగుడ్డ సన్నని రేణువుల నాపజాలదు. ముఖమునకు బిగుతుగా అమరు ఎన్-95 మాస్కు వాడవలెను.

3. ఊడ్చుటకు ముందు నీరు చల్లవలెను. గచ్చునేలను తడిగుడ్డతో తుడువవలెను.

4. మేతను బాగుగ ఎండబెట్టి వామి వేయవలెను. బూజుపట్టిన మేతను పండుకొను గదిలో ఉంచరాదు. వామి విప్పునప్పుడు గాలికి ఎదురుగ నిలువరాదు.

5. దుప్పట్లను వేడినీట ఉతికి, బొంతలను ఎండలో ఆరవేయవలెను.

6. రెండు వారములకు మించి దగ్గున్నచో ప్రభుత్వాసుపత్రిలో కఫపరీక్ష చేయించుకొనవలెను. తాము ఏ పని చేయుచున్నదియు, ఎన్నేండ్లుగా చేయుచున్నదియు డాక్టరుకు తప్పక చెప్పవలెను. ఆ మాట చెప్పనిచో సిలికోసిస్‌ను క్షయగా పొరబడు ప్రమాదము కలదు.

సేద్యముతోబాటు పలకల పనికిని పోవు కుటుంబములకు గ్రామోద్యోగులు ఈ సంగతులు చదివి వినిపింపవలెను. మచ్చగట్టిన ఊపిరితిత్తులు మరల మెత్తబడవు. బట్టలు గుమ్మము వెలుపల మార్చుటకు మాత్రము పైసా ఖర్చు లేదు.